థామస్ హంట్ మోర్గన్

మిగుల ముగ్గిన అరటిపండ్లపై ముసురు చిన్న యీగలను మనమందఱము చూచియే యున్నాము. వానిని చేతితో తోలివేసి మఱచిపోవుచుందుము. అట్టి యీగను ఇంచుమించు ఇరువది సంవత్సరములు శ్రద్ధతో పరీక్షించి, తల్లిదండ్రుల లక్షణములు సంతతికి సంక్రమించు తెఱగును లోకమునకు తెలియజేసిన మహాశయుడు థామస్ హంట్ మోర్గన్. తన యభిప్రాయము తప్పని తన ప్రయోగమే చాటినపుడు దానిని విడిచిపెట్టిన యీయన సత్యనిష్ఠను మా పాఠశాల విద్యార్థుల యెదుట నుంచుటకై యీ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1866వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో కెంటకీ రాష్ట్రమందలి లెక్సింగ్టన్ పట్టణమున జన్మించెను. ఈయన పెదతండ్రి అంతర్యుద్ధమున దక్షిణ పక్షపు సేనాపతిగా ప్రసిద్ధికెక్కినవాడు. బాలుడగు మోర్గనునకు మాత్రము పక్షుల గ్రుడ్లను, శిలాజములను ప్రోగుచేయుటయందే మక్కువ. 1890లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, బ్రిన్ మార్ స్త్రీల కళాశాలలో అధ్యాపకుడై, 1904లో న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆ యేటనే లిలియన్ శాంప్సన్ అను జీవశాస్త్రజ్ఞురాలిని వివాహమాడెను. ఆమెయు తరువాత ఈ యీగలపైననే పరిశోధనము సల్పి పేరొందెను.

మోర్గన్ జన్మించిన సంవత్సరముననే మెండెల్ అను క్రైస్తవ సన్యాసి బఠానీ మొక్కలపై తాను చేసిన ప్రయోగములను ప్రకటించెను. ఒక్కొక్క లక్షణమునకు జతగా కారకములు కలవనియు, అవి తరతరమునకు చెడక సంక్రమించుననియు ఆయన సిద్ధాంతము. 1900 వఱకు దానిని లోకము గుర్తింపలేదు. పిమ్మట కొందఱు శాస్త్రజ్ఞులు, జీవకణములో దారపుపోగులవలె నుండు క్రోమోజోములయందే ఆ కారకములు కలవని వాదించిరి. మోర్గన్ ఈ రెండు సిద్ధాంతములను నమ్మలేదు. ప్రయోగము చూపనిదానిని ఊహతో నిలుపరాదని పత్రికాముఖముననే విమర్శించెను.

కొలంబియాలో ఈయన పరిశోధనశాల 16 అడుగుల వెడల్పును, 23 అడుగుల పొడవును గల చిన్న గది. అందు పాలసీసాలలో అరటిపండ్లు మేపి ఈగలను పెంచెడివారు. ఈ యీగ పది పండ్రెండు దినములలో గ్రుడ్డునుండి పెరిగి పెద్దదగును. వందలకొలది గ్రుడ్లు పెట్టును. దాని కణమున క్రోమోజోములు నాలుగు జతలు మాత్రమే. 1910లో ఎఱ్ఱకన్నుల యీగల నడుమ తెల్లకన్నుల మగయీగ యొకటి కనబడెను.

దానిని ఎఱ్ఱకన్నుల ఆడయీగలతో కలుపగా పుట్టిన 1,240 ఈగలలో మూడు తప్ప తక్కినవన్నియు ఎఱ్ఱకన్నులవే. ఆ యెఱ్ఱకన్నులవానిని తమలో తాము కలుపగా, తరువాతి తరమున ఎఱ్ఱకన్నులవి 3,470, తెల్లకన్నులవి 782 పుట్టెను. మెండెల్ చెప్పినట్లే, మాయమైన తెల్లకన్ను మరల వచ్చెను. వింత యేమన, ఆ 782 ఈగలును మగవే! ఆడయీగకు ఎక్స్ అను క్రోమోజోములు రెండు, మగయీగకు ఒకటియే. ఆ యొకటియు దానికి తల్లినుండియే వచ్చును. కంటిరంగు జన్యువు ఎక్స్ క్రోమోజోముపై నున్నదన్నచో ఈ వింత విడిపోవును. తాను కాదన్న సిద్ధాంతములు తన సీసాలలోనే ఋజువగుట చూచి, మోర్గన్ 1911 నాటికి వానిని బహిరంగముగా నంగీకరించెను. అప్పటికాయనకు 45 ఏండ్లు.

స్టర్టవెంట్, బ్రిడ్జెస్, ముల్లర్ అను శిష్యులు ఆ గదిలో గురువుతో సమముగా వాదించుచు పనిచేసిరి. జన్యువులు దగ్గఱగా నున్నకొలది కలిసి సంక్రమించుననియు, దూరమైనకొలది విడిపోవుననియు గ్రహించి, ఇంకను పట్టభద్రుడు కాని స్టర్టవెంట్ 1911లో ఒక్క రాత్రిలో మొదటి జన్యుపటమును గీచెను. నలుగురును కలిసి 1915లో ప్రకటించిన గ్రంథము ఈ శాస్త్రమునకు పునాదియయ్యెను. మోర్గన్ 1928లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమునకు తరలెను. 1933లో నోబెలు బహుమానము లభింపగా, ఆ ధనమును తన బిడ్డలకును, స్టర్టవెంటు, బ్రిడ్జెసుల బిడ్డలకును పంచియిచ్చెను. 1945 డిసెంబరు 4వ తేదీన పాసడీనా పట్టణమున పరమపదించెను.

రంగునకు వలయు పదార్థములను కంటి కణములలోనికి చేర్చుటయే ఆ జన్యువు పనియనియు, అది చెడుటచేతనే కన్ను తెల్లబాఱుననియు తరువాతివారు కనుగొనిరి. 2000 సంవత్సరమున ఆ యీగ జన్యుసంపుటి ఇంచుమించు యావత్తును చదువబడెను. జన్యువుల నడిమి దూరమును కొలుచు మానమునకు సెంటీమోర్గన్ అని యీయన పేరే పెట్టిరి.

లెక్క తప్పిన పిల్లవాడు పలకను దాచుకొనుట మేమెఱుగుదుము. ఆచార్యపదవిలో నుండి, అచ్చులో పలికిన మాటను అచ్చులోనే దిద్దుకొన్న యీ పెద్దమనిషిని అట్టివేళ మన బాలురు తలచుకొందురు గాక.