పింగళి వెంకయ్య

ఆగస్టు 15వ తేదీని భారతదేశమందలి ప్రతి పాఠశాలపైనను త్రివర్ణపతాకము ఎగురును. ఆ పతాకమునకు తొలిరూపము నిచ్చిన దేశభక్తుడు పింగళి వెంకయ్య.

వెంకయ్య 1876వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీని, మచిలీపట్టణమునకు సమీపమున గల భట్లపెనుమఱ్ఱు గ్రామమున జన్మించెను. యౌవనమున సైన్యమున జేరి, బోయరు యుద్ధకాలమున దక్షిణాఫ్రికాకు వెళ్లెను. అచ్చట గాంధీమహాత్మునితో ఆయనకు పరిచయము కలిగెను.

స్వదేశమునకు మరలివచ్చిన పిదప ఆయన పెక్కు విద్యలయందు కృషిచేసెను. ప్రత్తిపంటను గూర్చి పరిశోధించుటచే జనులాయనను పత్తి వెంకయ్య యనిరి. జపాను భాష నేర్చి, 1913లో బాపట్లలో ఆ భాషయందు ఉపన్యసించుటచే జపాను వెంకయ్య యనిరి. వజ్రముల గూర్చి తెలిసినవాడగుటచే డైమండు వెంకయ్య యనియు పిలిచిరి. ఇన్ని పేర్లు వచ్చినను, ఆయన మనస్సు లగ్నమైనది మాత్రము జాతీయపతాకముపైననే. నాడు భారతదేశమున ఎగురుచుండినది ఆంగ్లేయుల జెండా. తనదని చెప్పుకొనదగిన పతాకము దేశమునకు లేకుండెను. ఆ కొఱత తీర్పదలచి వెంకయ్య నానాదేశముల పతాకములను పరిశీలించి, 1916లో భారత జాతీయపతాకమును గూర్చి ఆంగ్లమున గ్రంథమును ప్రకటించెను. అందు ముప్పది నమూనాలను చూపెను.

1921లో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. ఆ సందర్భమున గాంధీజీ కోరగా వెంకయ్య ఒక పతాకమును సిద్ధపఱచెను. అందు ఎఱుపు, ఆకుపచ్చ వర్ణములును, వానిపై రాట్నమును ఉండెను. రాట్నమును సూచించినవాడు జలంధరునకు చెందిన లాలా హంసరాజు. ఎఱుపు హిందువులకును, ఆకుపచ్చ మహమ్మదీయులకును గుర్తులు. తక్కిన మతములవారి కొఱకు తెలుపు కూడ ఉండవలెనని గాంధీజీ తలచెను. అట్లు మూడు వర్ణములు చేరెను.

కాని వర్ణములను మతములకు పంచుటచే చిక్కు ఏర్పడెను. తమకును ఒక వర్ణము కావలెనని సిక్కులు కోరిరి. ఒక్కొక్క మతమునకు ఒక్కొక్క వర్ణమైనచో, ఐక్యమునకు గుర్తు కావలసిన జెండాయే కలహమునకు కారణము కాగలదు. 1931లో ఈ విషయమును విచారించుటకు ఏడుగురితో ఒక సంఘము నియమింపబడెను. అందు పట్టాభి సీతారామయ్య ప్రముఖుడు. ఒకే కాషాయవర్ణము చాలునని ఆ సంఘము సూచింపగా, కాంగ్రెసు అంగీకరింపలేదు. తుదకు ఆ యేటి ఆగస్టులో కాషాయము, తెలుపు, ఆకుపచ్చ వర్ణములును, నడుమ రాట్నమును గల పతాకము ఆమోదింపబడెను. ఆ వర్ణములు మతములకు గుర్తులు కావనియు, కాషాయము ధైర్యత్యాగములకును, తెలుపు సత్యశాంతులకును, ఆకుపచ్చ విశ్వాసశౌర్యములకును గుర్తులనియు తెలుపబడెను. నాటినుండి పతాకమున ఎవరి భాగము వారికి గాక, అంతయు అందఱిదయ్యెను.

1947 జూలై 22వ తేదీని రాజ్యాంగసభ దీనినే స్వల్పమార్పుతో జాతీయపతాకముగా స్వీకరించెను. రాట్నమునకు ఒకవైపు చక్రము, వేఱొకవైపు కదురు ఉండుటచే, జెండా వెనుకనుండి చూచినపుడు బొమ్మ తాఱుమాఱుగా కనబడును. చక్రము రెండువైపులను ఒకేవిధముగా నుండును. కావున రాట్నమునకు మాఱుగా, ఇరువదినాలుగు ఆకులు గల నీలవర్ణపు అశోకచక్రమును నిలిపిరి.

పతాకము దేశమంతట ఎగురుచుండగా, దానికై పాటుపడిన వెంకయ్య బీదతనముతోనే కాలము గడపెను. 1963 జూలై 4వ తేదీని పరమపదించెను. 2009లో భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించెను. బ్రదికియున్నపుడు ఆయనకు చాలినంత ఆదరణ లభింపలేదు. జెండాకు వందన మొనర్చు బాలబాలికలు అందలి వర్ణముల యర్థము నెఱిగి, తోడివారి నందఱను సమముగా జూచినచో, అదియే వెంకయ్యకు తగిన గౌరవమగును.