ఖద్దరు వైద్యుడు యల్లాప్రగడ సుబ్బారావు

రోగి మంచముచెంత పుట్టిన సందేహమును ప్రయోగశాలకు గొనిపోయి, అచట లభించిన సమాధానమును మరల రోగికడకే తేగల వైద్యులు ఏ దేశమునందైనను అరుదు. అట్టివారిని తయారుచేయుటకై వైద్యపట్టమును, పరిశోధనా డాక్టరు పట్టమును జోడించి నేర్పు శిక్షణకు అమెరికా ప్రభుత్వము 1964లో ధనసహాయ మారంభించెను. ఆ రెండువిద్యలను ఆ దేశముననే తన కష్టముతో జోడించుకొన్న ఆంధ్రుడు అప్పటికి గతించి పదునారేండ్లు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని, ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాగారమునకు పోయిరి. శస్త్రశాస్త్రాచార్యుడగు దొర దానిని సహింపలేదు. తుదకు వారికి దక్కినది ఎం.బి.బి.యస్. కాదు, దానికి దిగువదగు ఎల్.ఎం.యస్. పట్టము. నూలుబట్టకును శస్త్రవిద్యకును గల వైరమేమో మాకు బోధపడకున్నది! ప్రభుత్వ వైద్యశాఖ వారిని చేర్చుకొనలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు కాలము గడపిరి.

అంతకంటె గాఢమైన గాయము ఇంటిలోనిది. డాక్టర్లు స్ప్రూ అని పిలుచు సంగ్రహణి వారి ఇద్దరు సోదరులను కొలదిదినముల యెడముననే కబళించెను. పాశ్చాత్యవైద్యము దానికి మందెరుగదు. అదే వ్యాధి తమకు సోకినపుడు లక్ష్మీపతిగారి చికిత్సవలన బ్రదికిరి. ఆ ప్రశ్ననే మూటగట్టుకొని మామగారి ద్రవ్యసహాయముతో అమెరికాకు ఓడ యెక్కిరి.

హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పొందిరి. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. ఫిస్కేగారితో గూడి 1925లో రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ కొలతయే దారిచూపగా 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఏ.టి.పి. కండరములనుండి బయల్పడెను. 1930లో పి.హెచ్.డి. వచ్చెను, అప్పటికి వారికి ముప్పదియైదేండ్లు. వైద్యుడు రసాయనజ్ఞుడగుటకు ఇంతకాలము పట్టినది బుద్ధిమాంద్యమువలన కాదు, చేయూత నిచ్చు విధానము లేకపోవుటవలన.

1940లో లెడర్లీ ప్రయోగశాలలకు పోయిరి. అచట వారి యాజమాన్యమున వెలసిన హెట్రజాను, గోదావరి మండలములవారు చిరకాలముగ నెరిగిన బోదకాలుపురుగునకు మందు. అమినాప్టెరినుతో 1948లో బోస్టనునందు ఫార్బరుగారు శిశువుల రక్తక్యాన్సరును తాత్కాలికముగనైనను వెనుకకు మరలించిరి. 1945లో వారి సహచరులు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మించిరి. సంగ్రహణిరోగుల రక్తహీనతను పోగొట్టిన మం దదియే.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసిరి. ఓడ యెక్కిన పిదప వారు మరల స్వదేశమును చూడలేదు.