సవర మాట నేర్చిన గిడుగు మాస్టారు

పడమటి దేశాలవాళ్లు వచ్చి మన మన్నేన్ని కూడా ఏలారని సోషల్ పాఠంలో చదువుకున్నాం. వాళ్లతో తుపాకులే కాదు, అచ్చుయంత్రం, కొత్త భాషాశాస్త్రం కూడా వచ్చాయి. ఆ శాస్త్రాన్ని మన కొండవాళ్ల కోసం వాడినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. మన భావనపాడుకు దక్షిణాన, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార ఉంది కదా, ఆ ఏటి ప్రాంతమే. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారయ్యారు.

అక్కడ కొండ దిగి వచ్చే సవరల మాట ఆయన్ని ఆకట్టుకుంది. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చేసుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఇంగ్లీషు భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని చదివారు. మన్నెంలో తిరిగితే జ్వరం పట్టుకుంది. క్వినైన్ ఎక్కువగా వాడి చెవుడొచ్చింది. అయినా వదల్లేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి.

తెలుగు పుస్తకాలు కూడా జనం మాట్లాడే భాషలోనే ఉండాలని వాదించారు. పండితులు చాలామంది ఎదురుతిరిగారు. ఆయన తగ్గలేదు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఈ గోడపత్రికలో మనం మాట్లాడినట్టే రాసుకుంటున్నామంటే అందులో ఆయన చలవ ఉంది.

మా ఇంట్లో సవరే మాట్లాడతాం. హాస్టల్లో ఆ మాట వినబడితే కొందరు నవ్వుతారు. ఒక పెద్దాయన చెవులు పోగొట్టుకొని మరీ పుస్తకాలకెక్కించిన మాట అది. నవ్వకండి. కావాలంటే నా దగ్గరికి రండి, నేర్పుతాను.