సుబ్బారావు చదివిన చదువులు

మా చిన్నాన్నగారి అమ్మాయి అమెరికాలో డిగ్రీ చదువుతోంది. ఆ మధ్య ఫోన్ చేసి తన గోడు వెళ్ళబోసుకుంది. దానికి రెండు మేజర్లు కావాలిట: ఒకటి బయాలజీ, రెండోది చరిత్ర. ఆపైన డాక్టరు కావాలి గనక ప్రీమెడ్ సబ్జెక్టులూ పూర్తి చెయ్యాలిట. ఈ సందట్లో ఒక సెమిస్టరు ఇంకో దేశం వెళ్ళి చదివి రావాలనీ వుందిట. అన్నీ కలిపి నాలుగేళ్ళలో ఇమడటం లేదు, దేన్ని వదులుకోమంటావన్నయ్యా అని ప్రశ్న.

అక్కడి పద్ధతి మనలాంటిది కాదు. మన దగ్గర ఇంటర్మీడియట్ బై.పి.సి. చదివి ప్రవేశపరీక్ష గట్టెక్కితే ఏకంగా ఎం.బి.బి.ఎస్.లో కూర్చోవచ్చు. అక్కడ సాధారణంగా నాలుగేళ్ళ డిగ్రీ అయ్యాకే మెడికల్ కాలేజి గుమ్మం ఎక్కనిస్తారు. ఆ డిగ్రీ ఎందులో చేసినా పట్టింపు లేదు గానీ కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్సు లేబొరేటరీలతో సహా చదివి వుండాలి. ఆ మూటకే ప్రీమెడ్ అని పేరు. అది వేరే డిగ్రీ కాదు, డిగ్రీతో పాటు రెండో భుజాన మోసే కావడి. పరాయి దేశంలో చదివి తెచ్చిన మార్కుల్ని ఆ లెక్కలో కలుపుకోవడానికి చాలా మెడికల్ కాలేజీలు ఇష్టపడవు. అదీ దాని తంటా.

ఈ తంటా అమెరికాకే పరిమితం అనుకోకండి. ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని 2022లో యు.జి.సి. వారు తలుపు తీసిన దగ్గర్నుంచీ మన హాస్టల్లోనూ ఇదే గొడవ. పగలు ఎమ్మెస్సీ, రాత్రి దూరవిద్యలో ఇంకో డిగ్రీ, ఆదివారం విదేశీ పరీక్షల కోచింగు. మిత్రులారా, మనలో చాలామందికి నిద్ర ఒక్కటే ఆప్షనల్ సబ్జెక్టు!

మా చెల్లెలికి నేను సలహా ఏమీ ఇవ్వలేదు. ఇచ్చేటంత అనుభవం నాకెక్కడిది? యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ మాత్రం చెప్పాను. మా బయోకెమిస్ట్రీ వాళ్ళకి ఆయన ఇంటి మనిషి కింద లెక్క. సావనీరు సంపాదకుడు వ్యాసం కోసం నా గది చుట్టూ తిరుగుతున్న రోజులు కావడంతో, ఆ చెప్పిందే ఇక్కడ కాయితం మీద పెడుతున్నాను.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకున్నాడు. తల్లి వెంకమ్మగారు. ఇల్లు పెద్దది, రాబడి చిన్నది. పిల్లవాడికి పదమూడో ఏట ఒక ఆలోచన పుట్టింది. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బు! చెప్పాపెట్టకుండా ఇంట్లోంచి పారిపోయాడు. వెనక్కి పట్టుకొచ్చి రాజమండ్రిలో బళ్ళో వేశారు. ఆ బళ్ళోనూ కుదురుగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మొదటిసారి తప్పాడు. రెండోసారీ తప్పాడు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి గట్టెక్కాడు. ఆ ఫీజులకోసం తల్లి తన ఒంటిమీది బంగారం అమ్ముకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఈ కథలో సుబ్బారావు చదివిన ప్రతి చదువుకీ ఎవరో ఒకరు ఏదో ఒకటి అమ్ముకోవడమో వదులుకోవడమో జరిగింది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోతానన్నాడు. తల్లి ససేమిరా అంది. వైద్యం నేర్చుకుని వస్తే సేవకు పనికొస్తుందని మిషన్ పెద్దలే నచ్చజెప్పారని ఆయన జీవితం రాసినవాళ్ళు అంటారు. అంటే చూడండి, మా చెల్లెలు మెడిసిన్‌కి ముందు ప్రీమెడ్ చదువుతోంది, సుబ్బారావుకి మెడిసినే ఒక ప్రీ-కోర్సు, సన్యాసానికి ముందు చదవాల్సిన చదువు!

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖర్చు భరించింది స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. 1919లో సూర్యనారాయణమూర్తిగారి అమ్మాయి శేషగిరితో సుబ్బారావుకి పెళ్ళయింది. ఆ రోజుల్లోనే గాంధీగారి పిలుపు వచ్చింది. సుబ్బారావు ఖద్దరు కట్టాడు. కడితే కట్టాడు, ఆపరేషన్ థియేటరులోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళాడు. సర్జరీ నేర్పే దొరగారికి అది కంటగింపయింది. రాతపరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఆ పట్టాతో సర్కారు వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నించాడు, దొరకలేదు.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధి వుంది. పేగులు తిన్నదాన్ని పీల్చుకోవు. విరేచనాలు ఆగవు, రక్తం పలచబడి మనిషి ఎండుకుపోతాడు. మన పాతవాళ్ళు గ్రహణి అనే మాట కింద దీన్ని కూడా కలిపి చెప్పేవారు. ఈ జబ్బుతో సుబ్బారావు అన్నదమ్ములిద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాతో పోయారు. తాను వైద్యం చదివి వుండీ చేసేదేమీ లేకపోయింది. చేసేది ఆయనకే కాదు, అప్పట్లో ఏ వైద్యుడికీ తెలియదు.

తర్వాత మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ ఉపన్యాసకుడుగా చేరాడు. నలుగురూ దీన్ని గతిలేక చేసిన ఉద్యోగం అంటారు. నాకు అలా తోచదు. ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం మధ్య కూర్చున్నాడు. ఆ మందుల్లో పనిచేసే సరుకేదో వుంది, అది ఏమిటో విడదీసి చూడాలి అనే పట్టుదల ఆయనకి అక్కడే కలిగింది. ఆ తర్వాత జీవితమంతా ఆయన చేసింది విడదీసి చూడటమే: కండరంలోంచి ఒకటి, కాలేయంలోంచి ఒకటి.

అమెరికా నుంచి వచ్చిన ఒక వైద్యుడితో పరిచయం కలిసి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు సంగతి తెలిసింది. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారు సాయం చేస్తామన్నారు. మామగారు మరికొంత కూడబెట్టారు. 1920ల ఆరంభంలో ఒక అక్టోబరు నెలలో సుబ్బారావు బోస్టన్ చేరాడు. కొద్ది సంవత్సరాల్లో తిరిగొస్తానని భార్యకి చెప్పి వెళ్ళాడు.

అక్కడ పరిస్థితి ఏమిటంటే, చేతిలో మద్రాసు పట్టా వుంది గానీ దానితో ఏ ఆస్పత్రిలోనూ డాక్టరుగా చేర్చుకోరు. పగలు ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా క్లాసులు. రాత్రి పీటర్ బెంట్ బ్రిగాం ఆస్పత్రిలో పోర్టరు పని, అంటే రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం. వైద్యం చదివినవాడు వార్డుబాయి పని చేశాడు. విదేశీ చదువు అనగానే మనం మంచులో కోటు వేసుకుని తీయించుకున్న ఫోటో ఒక్కటే చూస్తాం!

డిప్లొమా అయ్యాక ఇంటికి రాలేదు. జబ్బుల పేర్లు తెలిసినంత మాత్రాన మందు దొరకదని ఆయనకి అర్థమైంది. శరీరంలో జరిగే రసాయనం తెలియాలి. అందుకని హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర పనికి కుదిరాడు. 1925లో ఆ ఇద్దరూ రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించారు. మా ప్రాక్టికల్స్‌లో చేసేది అదే. యాసిడ్ మాలిబ్డేట్ కలిపి, రిడ్యూసింగ్ ద్రావణం వేసి కాసేపు ఆగితే గొట్టంలో నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. మా రికార్డు పుస్తకాల్లో ఫిస్క్-సుబ్బారో అని రాసుకుంటాం. దొరలిద్దరి పేరు అనుకునేవాళ్ళు ప్రతి బ్యాచిలోనూ నలుగురైదుగురు వుంటారు.

ఆ కొలబద్ద చేతికొచ్చాక కండరం మీద పడ్డారు. కండరం కదలడానికి శక్తి లాక్టిక్ ఆసిడ్ తయారీ నుంచే నేరుగా వస్తుందని అప్పటి పండితుల నమ్మకం. 1922 నోబెల్ బహుమతి పొందిన హిల్, మేయర్‌హాఫ్‌లు చెప్పింది ఆ దారే. 1927లో ఫిస్క్, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ వుందని, కండరం పనిచేసినప్పుడు అది విడిపోతుందని చూపించారు. 1929లో ఎ.టి.పి. ఆ ఏడే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుక్కున్నాడు. ప్రాణం వున్న ప్రతి కణంలోనూ చిల్లర డబ్బులా చలామణీ అయ్యేది ఈ ఎ.టి.పి. 1930లో ఆయనకి హార్వర్డ్ పిహెచ్.డి. వచ్చింది. మెట్రిక్ రెండుసార్లు తప్పిన కుర్రవాడికి అప్పటికి ముప్ఫై అయిదేళ్ళు.

అయినా హార్వర్డ్ ఆయనకి స్థిరమైన పదవి ఇవ్వలేదు. చేసిన పనిలో కొంత ఆయన పేరున బయటికే రాలేదని, దానివల్ల కొన్ని పదార్థాల్ని ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని తోటి పరిశోధకుడు జార్జి హిచింగ్స్ తర్వాత చెప్పాడు. హిచింగ్స్‌కి 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు స్వభావం కూడా అలాంటిదే, తన పేరు ముందుకు తోసుకునే రకం కాదు. నాకు మాత్రం ఈ గుణాన్ని మెచ్చుకోవాలో కోప్పడాలో తెలియదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే వూళ్ళో లెడర్లే మందుల కంపెనీకి మారాడు. త్వరలోనే పరిశోధన అంతటికీ అధిపతి అయ్యాడు. ఇక్కడే పాత చదువులన్నీ ఒక్క చోటికి చేరాయి. మద్రాసు వైద్యం, లక్ష్మీపతిగారి కాలేజీలో పుట్టిన ఆరాటం, బోస్టన్‌లో నేర్చిన ఉష్ణమండల వ్యాధులు, ఫిస్క్ దగ్గర నేర్చిన రసాయనం, ఏ ఒక్కటి లేకపోయినా ఆ తర్వాతి ఎనిమిదేళ్ళు నడిచేవి కావు. కానీ వాటిని ఆయన పక్కపక్కన పెట్టుకుని టైంటేబులు వేసుకుని చదవలేదు. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తట్టాడు. అన్ని తలుపుల దగ్గరా అడిగింది మాత్రం ఒకే ప్రశ్న: అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకి మందేది?

ఆ జవాబు 1945లో దొరికింది. ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో పలచబడిన రక్తం దానితో తేరుకుంది. ఇవాళ గర్భిణులకి ఆస్పత్రిలో ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో వున్నది ఇదే. ఇందులోంచే ఇంకో దారి తెరుచుకుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యుడు రక్త క్యాన్సరు వున్న పిల్లలకి ఫోలిక్ ఆసిడ్ ఇస్తే జబ్బు తగ్గకపోగా పెరిగింది. అయితే దాన్ని అడ్డుకునే మందు ఇస్తే? సుబ్బారావు మనుషులు ఎమినాప్టెరిన్ తయారుచేసి పంపారు. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనకడుగు వేసింది. కొంతకాలమే. కానీ అంతకుముందు ఆ కొంతకాలం కూడా లేదు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. క్యాన్సరుకీ, కీళ్ళవాతానికీ నేటికీ వాడుతున్నారు.

1947లో బోదకాలు మందు హెట్రజాన్, అంటే మన డి.ఇ.సి. మాత్ర, వచ్చింది. గోదావరి జిల్లాల్లో బోదకాలు లేని వీధి వుండేది కాదని మా తాతగారు చెప్పేవారు. 2004 నుంచి దేశంలో బోదకాలు వున్న జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి మింగించిన మాత్ర ఇది. భీమవరంవాడు తయారుచేయించిన మందు అమెరికా చుట్టి భీమవరం చేరింది. 1948లో బెంజమిన్ డగ్గర్ కనుక్కున్న ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది, అదీ ఆయన నడిపిన విభాగం నుంచే.

ఇంత ఘనత చెప్పాక ఒక సంగతి చెప్పకుండా వుండలేను. సభల్లో సుబ్బారావుగారి త్యాగం అని ఉపన్యాసాలు ఇస్తారు. ఆయన పడ్డ కష్టం నిజమే. కానీ ఆయన కోరుకున్న పని ఆయన చేశాడు. శేషగిరిగారు దేన్ని కోరుకున్నారో ఎవరూ రాయలేదు. ఆయన ఓడ ఎక్కాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి వాడి ముఖం చూడలేదు. ముందు డిప్లొమా అయ్యాక వస్తానన్న మాట, తర్వాత పిహెచ్.డి., ఆ తర్వాత ఇంకో ప్రయోగం. మా చెల్లెలికి ఈ భాగం చెప్పేటప్పుడు ఫోన్లో కాసేపు ఏ చప్పుడూ లేదు. అంత పని కావాలంటే అంత ఖరీదు తప్పదని కొందరు మిత్రులు నాతో వాదించారు. తప్పదేమో. అయినా ఖరీదు కట్టినవారి పేరు కూడా పక్కన రాయాలి కదా!

1946లో అమెరికా చట్టం మారి భారతీయులు అక్కడి పౌరసత్వం తీసుకునే వీలు కలిగింది. సుబ్బారావు తీసుకోలేదు. 1947లో దేశం స్వతంత్రమైంది. అప్పుడూ రాలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయాడు. యాభైమూడేళ్ళు. కబురు ఇండియాలో శేషగిరిగారికి చేరేటప్పటికి, ఆయన కొద్ది సంవత్సరాలకని వెళ్ళి సుమారు పాతికేళ్ళయింది.