డీగ్ ప్రాసాదముల నిర్మాత: మహారాజు సూరజ్‌మల్

ఢిల్లీనుండి ఉదయమే బయలుదేరి, చూచి, రాత్రికి ఇల్లు చేరదగిన రాజప్రాసాదములలో డీగ్ ఒకటి. మథుర, గోవర్ధనములు దాటి, రాజస్థానపు తూర్పుటంచున నున్నది ఆ చిన్న పట్టణము. రెండు తటాకముల నడుమ ఉద్యానవనములు, ఇసుకరాతి మందిరములు, జలయంత్రములు కన్నులపండువుగా నుండును. వీనిలో పెక్కింటిని కట్టించిన జాట్ ప్రభువు సూరజ్‌మల్. భోగమునకై ఇట్టి గృహములు నిర్మించిన ఆయన జీవితమంతయు యుద్ధములతోనే గడచినది.

ఔరంగజేబు మరణించిన 1707వ సంవత్సరముననే సూరజ్‌మల్ జన్మించెను. డీగ్ రాజధానిగా పాలించిన బదన్‌సింగునకు చూపు మందగింపగా, రాజ్యభారమంతయు కుమారుడైన ఆయనపై పడెను. 1756లో బదన్‌సింగు మరణించుటకు ఎంతయో ముందే రాజ్యమున ఆయన మాటయే చెల్లుచుండెను. భరతపురపు మట్టికోటను దుర్భేద్యముగా తీర్చినవాడును ఆయనయే.

ఆయన చరిత్రలో మచ్చ లేకపోలేదు. 1753లో వజీరు సఫ్దర్‌జంగు పక్షమున ఢిల్లీపై నడచినపుడు, ఆయన సేనలు పాతనగరమును కొల్లగొట్టినవి. సామాన్యప్రజ మిక్కిలి బాధపడెను. డీగ్‌లోని చలువరాతి ఉయ్యాలచట్టము ఢిల్లీనుండి తెచ్చినదే యని చెప్పుదురు. మరుసటి యేడు మరాఠాలు ఆయన కుంభేరుకోటను ముట్టడించిరి. అచ్చట ఫిరంగిదెబ్బకు మల్హరరావు హోల్కరు కుమారుడు, అహల్యాబాయి భర్త, ఖండేరావు మరణించెను. సంధి కుదిరినను గాయము మానలేదు.

1760లో అబ్దాలీపై వచ్చిన సదాశివరావు భావుతో సూరజ్‌మల్ కలిసెను. బరువు ఫిరంగులను, స్త్రీలను, పరివారమును వెనుక దుర్గములలో విడిచి, తేలిక దళములతో శత్రువును వేధింపుమని హితవు చెప్పెను. భావు వినలేదు. సూరజ్‌మల్ తన సేనతో తిరిగి వచ్చెను. 1761 జనవరి 14న పానిపట్టున మరాఠాసైన్యము నాశనమయ్యెను.

చలికాలమున, ఆకలితో, గాయములతో, చినిగిన బట్టలతో పారిపోయి వచ్చినవారికి డీగ్ ద్వారములు తెరచుకొనెను. తన హితవును త్రోసివేసినవారు, ఏడేండ్లక్రితము తనను ముట్టడించినవారు అని ఆయన తలపలేదు. రాణి కిశోరి అన్నవస్త్రములు, వైద్యము సమకూర్చెను. భావు భార్య పార్వతీబాయికి అచ్చట ఆశ్రయము లభించెను. బాజీరావు, మస్తానీల కుమారుడు శంషేరు బహద్దూరు ఆ గాయములతోనే డీగ్‌లో కన్నుమూసెను. అబ్దాలీ ఆగ్రహమునకు వెరవక అతిథులను కాపాడి, సాగనంపెను.

ఆ యేడు జూనులో ఆగ్రాకోట ఆయన వశమయ్యెను. 1763 డిసెంబరు 25న, ఢిల్లీ చెంత హిండన్ నదీతీరమున రోహిల్లా నజీబుద్దౌలాతో పోరుచు సూరజ్‌మల్ హతుడయ్యెను. ఆయన దేహము దొరకలేదందురు. కుమారుడు జవాహరసింగు గోవర్ధనమున కుసుమసరోవరపు గట్టుపై స్మారకమందిరము కట్టించెను.

డీగ్‌లోని కేశవభవనమున జలయంత్రములు చిమ్మునపుడు శిలాగోళములు దొరలి మేఘగర్జన వినిపించెడి దని ప్రతీతి. నడివేసవిలో వానను పుట్టించిన ఆ నేర్పును మెచ్చుకొని మరలు యాత్రికునకు త్రోవలోనే కుసుమసరోవరము కానవచ్చును. అచ్చట క్షణకాలము నిలిచినచో, ఆ ప్రాసాదములకు నిజమైన శోభ జలయంత్రములు కాదనియు, ఒక శీతకాలమున ఓడినవారికి దొరికిన పిడికెడన్నమనియు తోపకపోదు.