విజ్ఞాన తపస్వి హోమీ భాభా

1893లో స్వామి వివేకానందులు అమెరికాకు పయనించిన ఓడలోనే పారిశ్రామిక ప్రముఖుడు జంషెట్జీ టాటాయును ప్రయాణించెను. ఐదేండ్ల అనంతరము టాటా స్వామీజీకి లేఖ వ్రాయుచు, మన దేశమున వేళ్లూనిన త్యాగబుద్ధిని ప్రకృతి విజ్ఞానాన్వేషణకు మరల్చు ఉద్యమమును నడిపింపుమని అర్థించెను. ఆయన సంకల్పించిన విజ్ఞాన సంస్థ 1909లో బెంగుళూరున వెలసెను. ఆ యేడే అక్టోబరు 30వ తేదీన బొంబాయిలోని ఒక పారసీ కుటుంబమున హోమీ జహంగీర్ భాభా జన్మించెను.

కుమారుడు ఇంజనీరై టాటాల ఉక్కు కర్మాగారమున చేరవలెనని తండ్రి కోరిక. 1927లో కేంబ్రిడ్జి చేరిన హోమీ మనస్సు భౌతికశాస్త్రముపై లగ్నమయ్యెను. ఇంజనీరింగులో ప్రథమశ్రేణి సాధించినచో ఇష్టమైన చదువు సాగించవచ్చునని తండ్రి అంగీకరించెను. 1930లో ఆ నియమమును నెరవేర్చి, పితృవాక్యమును మన్నించి, భాభా తన స్వధర్మమును చేపట్టెను.

అంతరిక్షము నుండి భూమిపై ఎడతెగక వర్షించు విశ్వకిరణములను 1912లో విక్టర్ హెస్ బెలూనుపై ఆకాశమున కెగసి కనుగొనెను. ఒక్క కణము వాయుమండలమున ప్రవేశించి అసంఖ్యాక కణములుగా ఎట్లు విస్తరించును? ఎలక్ట్రాను కాంతికణమును, కాంతికణము ఎలక్ట్రాను–పాజిట్రానుల జంటను పుట్టించుచు పరంపరగా సాగు తీరును 1937లో భాభాయు హైట్లరును గణితముచే నిరూపించిరి. అయినను కొన్ని కణములు ఈ రీతిని క్షీణింపక దట్టమైన పదార్థమును సైతము చీల్చుకొని పోవుచుండెను. అవి వేరొక జాతి కణములని భాభా గ్రహించెను. నేడు వానిని మ్యుయాన్లందురు. మన అరచేతిగుండా సెకనుకు సుమారొకటి చొప్పున అవి దూసుకొని పోవుచునే యున్నవి.

1939లో సెలవులకు స్వదేశమునకు వచ్చియుండగా యూరపులో యుద్ధము చెలరేగెను. తిరుగుదారి మూసికొనిపోయెను. భాభా బెంగుళూరు విజ్ఞాన సంస్థలో సర్ సి.వి. రామన్ చెంత చేరి విశ్వకిరణ పరిశోధనను ఆరంభించెను. యుద్ధానంతరము పాశ్చాత్య విశ్వవిద్యాలయములందు ఉన్నత పదవి ఆయనకు దుర్లభము కాదు. కాని ఇచ్చటనే శ్రేష్ఠమైన విద్యాపీఠమును నెలకొల్పుట తన కర్తవ్యమని నిశ్చయించుకొని, 1944లో టాటా ధర్మనిధికి లేఖ వ్రాసెను. మరుసటి యేడు టాటా మూలవిజ్ఞాన పరిశోధన సంస్థ ఏర్పడెను. జంషెట్జీ కోరిన త్యాగబుద్ధి ఈ నిర్ణయమున ఫలించెననుట సమంజసము.

ఆయన ప్రోత్సాహమున శిష్యులు తెలుగునాటి సరిహద్దునగల కోలారు బంగారు గనులలోనికి పరికరములను దింపిరి. పైనున్న శిల మందమగుకొలది లోపలికి చేరు మ్యుయాన్ల సంఖ్య తగ్గును. కావున వానిని లెక్కించినచో పైనేమున్నదో తెలియును. ఈ సూత్రముతోనే 1955లో జార్జ్ అను శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియాలో ఒక సొరంగముపైగల రాతి బరువును కొలిచెను. 1960వ దశకమున ఆల్వరెజ్ ఈజిప్టులోని ఖఫ్రే పిరమిడ్డును పరీక్షించెను. 2017లో ఖూఫూ పిరమిడ్డులో అజ్ఞాతమైన పెద్ద శూన్యస్థలము ఈ విధముననే బయల్పడెను. ఊటీలోని టాటా సంస్థ పరిశోధకులు 2014లో ఒక ఉరుము మేఘమున 130 కోట్ల వోల్టుల విద్యుత్పీడనమును మ్యుయాన్ల సాయముననే కనుగొనిరి. ఈ ప్రయోజనములను కోరి భాభా పరిశోధించలేదు. సత్యమును తెలిసికొనవలెనను తపనయే ఆయనను నడిపించినది.

1948లో అణుశక్తి సంఘమునకు అధ్యక్షుడై ఆయన మరియొక మహాకార్యమును తలకెత్తుకొనెను. నేడు సూరతు నగరమున మగ్గములపై జీవించు తెలుగు కుటుంబములు అనేకము. ఆ నగరమునకు చేరువలోని కాక్రపార అణువిద్యుత్కేంద్రమును భాభా నాటిన విత్తు ఫలమే. 1966 జనవరి 24న మోఁబ్లాఁ పర్వతముపై విమానము కూలి ఆయన అసువులు బాసెను. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరములు. ఆజన్మ బ్రహ్మచారియగు ఆయన చిత్రలేఖనమును, సంగీతమును సైతము విజ్ఞానముతో సమానముగా ఆరాధించెను.

ఫలాపేక్ష లేని కర్మ నిష్ఫలమగునని శంకించువారు ఈ జీవితమును పరిశీలింతురు గాక. కర్త ఊహింపని ఫలములను, ఆయన ఎరుగని తరములవారు అనుభవించుచున్నారు.