ఫారడే చుట్టిన తీగ

వేంపల్లె చుట్టుపక్కల బోరు మోటారు కాలిపోని ఊరు లేదు. ఎండాకాలం వచ్చిందంటే వైండింగ్ షాపుల ముందు మోటార్లు బారులు తీరి ఉంటాయి. కాలిన రాగి తీగను పీకేసి, కొత్త తీగను చుట్టు చుట్టుకూ లెక్కపెడుతూ చుట్టే ఆ పనివారిని చూసినప్పుడల్లా మాకు ఒక భక్తుడు గుర్తుకొస్తాడు. ఆయన పేరు మైఖేల్ ఫారడే. లోకమంతా ఆయనను శాస్త్రవేత్తగా ఎరుగును. లండన్‌లో ఒక చిన్న సంఘానికి ఆయన పెద్దగా ఉన్నాడన్న సంగతి మాత్రం మన విశ్వాసుల్లో చాలామందికి తెలియదు.

ఈమధ్య ఆయన మళ్లీ గుర్తుకొచ్చింది మోటారు దగ్గర కాదు, గిటారు దగ్గర. మా మందిరంలోని ఎలక్ట్రిక్ గిటారు ఒక ఆదివారం పాట మధ్యలో మూగబోయింది. ఇంటికి తీసుకెళ్లి తానే బాగుచేస్తానని ఒక యువకుడు ముందుకొచ్చాడు. ఆ అబ్బాయిని ఏడాది కిందట ఒక విషయంలో క్రమశిక్షణ కింద పాటల బృందం నుంచి తప్పించాం. ఆ నిర్ణయం తీసుకున్నవారిలో మేమూ ఉన్నాం. అప్పటినుంచి వెనుక వరుసలో కూర్చుంటున్నాడు గానీ ఒక్క ఆరాధన కూడా మానలేదు.

ఆ సాయంత్రం మేము వాళ్లింటికి వెళ్లేసరికి మంచం మీద దుప్పటి పరిచి గిటారు విప్పుతున్నాడు. స్ట్రింగులు వదులు చేసి, పైనున్న ప్లాస్టిక్ పలక మరలు తీసి, ఏ వైరు ఎక్కడ అతికి ఉందో ముందుగా సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. ఒక పికప్‌కు మల్టీమీటర్ పెడితే ఆరు వేల ఓములు చూపింది. రెండోదానికి పెడితే ఏమీ చూపలేదు. లోపల తీగ తెగిపోయిందన్నమాట. పాత పికప్ పైకప్పు తీసి మా చేతికిచ్చాడు. ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. అంతే. అందులో వేరే యంత్రమేమీ లేదు.

ఆ చిన్న వస్తువు వెనుక ఉన్నది ఒక పేద కమ్మరి కొడుకు జీవితం.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ పక్కన న్యూయింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ తరచూ జబ్బు పడేవాడు. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు తల్లి ఒక రొట్టె చేతికిచ్చి వారమంతా దానితోనే సరిపెట్టుకోమనేదట. కరువు సీమలో పుట్టిన మనకు ఈ మాట వివరించనక్కరలేదు. బడి చదువు అంతంత మాత్రమే. 1804లో జార్జి రీబో అనే ఆయన పుస్తకాల దుకాణంలో పత్రికలు ఇంటింటికీ చేర్చే కుర్రవాడిగా చేరి, మరుసటి ఏడు బైండింగ్ పనిలో ఏడేళ్ల శిష్యరికానికి కుదిరాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలే ఆయనకు కాలేజీ అయ్యాయి. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన వ్యాసం చదివింది అక్కడే. భక్తిగీతాల రచయితగా మనమెరిగిన ఐజాక్ వాట్స్ మనసును మెరుగుపరచుకోవడం గురించి రాసిన పుస్తకం చదివి, చదివినదీ విన్నదీ రాసిపెట్టుకునే అలవాటు చేసుకున్నాడు.

ఆ అలవాటే దారి చూపింది. 1812లో ఎవరో ఇచ్చిన టిక్కెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నదంతా రాసి, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో ఆయనకు సహాయకుడిగా చేరాడు. తర్వాత డేవీ దంపతులతో యూరప్ ప్రయాణానికి వెళితే, ఆ ఇంటి ఇల్లాలు ఆయనను నౌకరులాగా చూసింది.

1821 జూన్‌లో సారా బర్నార్డ్‌ను పెళ్లి చేసుకున్నాడు. మరుసటి నెలలోనే శాండిమేనియన్ సంఘంలో బహిరంగంగా తన విశ్వాసాన్ని ఒప్పుకొని సభ్యుడయ్యాడు. అది ఇంగ్లండులో ఎవరూ పెద్దగా లెక్కచేయని చిన్న గుంపు. జీతం తీసుకునే పాస్టరు ఉండడు. పెద్దలే వంతులవారీగా వాక్యం చెప్పేవారు. ఆదివారం మధ్యాహ్నం అందరూ కలిసి ప్రేమవిందు చేసేవారు. ఫారడే ప్రసంగాలు చాలావరకు ఒక వచనం పక్కన మరో వచనం పేర్చినట్టు ఉండేవట. సెమినరీలో మాకు ప్రసంగశాస్త్రం నేర్పిన గురువులైతే పాస్ మార్కులు వేసేవారో లేదో!

1831 ఆగస్టు 29న ఆయన ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రాగి తీగ చుట్టాడు. ఈనాటిలా పూత వేసిన తీగ ఆయనకు లేదు. చుట్టుకూ చుట్టుకూ మధ్య పురికొస, వరుసకూ వరుసకూ మధ్య నూలు గుడ్డ పెట్టి చుట్టాడు. ఒకవైపు బ్యాటరీ తగిలించిన క్షణంలోనూ, తీసిన క్షణంలోనూ మాత్రమే రెండోవైపు ముల్లు కదిలింది. అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి లాగితే మళ్లీ కదిలింది. అయస్కాంతం ఊరకే ఉంటే ఏమీ లేదు, కదిలితేనే విద్యుత్తు. సరిగ్గా నూరేళ్లకు, 1931లో, లాస్ ఏంజిల్స్‌లో జార్జి బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ ఇదే సూత్రంతో అయస్కాంతపు పికప్ ఉన్న గిటారు చేశారు. పెనంలాగా ఉంటుందని దానికి ఫ్రయింగ్ ప్యాన్ అని పేరు పడింది. ఉక్కు స్ట్రింగు అయస్కాంతం పైన కంపిస్తే కింది రాగి చుట్టలో అతి కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. స్ట్రింగు పికప్‌ను తాకనే తాకదు. నైలాన్ స్ట్రింగు వేస్తే పలకదు.

కొత్త పికప్ బిగించే ముందు ఆ అబ్బాయి గిటారు కడుపులో రాగి రేకు అతికించి, దాన్ని ఎర్త్ వైరుకు కలిపాడు. బయటి రొద లోపలికి రాకుండా అన్నాడు. అదీ ఫారడేదే. 1836లో పన్నెండడుగుల చెక్క చట్రానికి లోహపు తీగలు, రేకులు చుట్టి తానే లోపలికి వెళ్లాడు. బయట నిప్పురవ్వలు ఎగురుతున్నా లోపల విద్యుత్తు జాడ దొరకలేదు. అయితే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనే రొద రేకుతో పూర్తిగా పోదు. దానికి రెండు చుట్టలను ఎదురెదురుగా పనిచేయించే పికప్‌ను 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ చేశాడు. మా గిటారుకు అంత ఖర్చు పెట్టలేదు.

ఫారడే జీవితంలో మమ్మల్ని కదిలించేది ఆ కడియం కాదు. 1840లో ఆయనను సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. 1844లో మరికొందరితోపాటు ఆయననూ సంఘం నుంచి వెలివేశారు. ఆదివారం రాణితో భోజనానికి వెళ్లినందుకని ఒక కథ చెబుతారు గానీ, చరిత్రకారులు దాన్ని నమ్మడం లేదు. సంఘంలోనే ఏదో అభిప్రాయభేదం వచ్చిందంటారు. కొన్ని వారాలకే తిరిగి చేర్చుకున్నారు. పెద్దరికం మాత్రం ఇవ్వలేదు. రెండోసారి వెలివేస్తే మరి చేర్చుకోవడం ఆ సంఘంలో లేదు.

అప్పటికి యూరప్ అంతా ఆయన పేరు మారుమోగుతోంది. వేరే సంఘానికి వెళ్లిపోవచ్చు, అసలు వెళ్లడమే మానేయవచ్చు. ఆయన అదే సంఘంలో, వాక్యం చెప్పే చోట కాక వినే చోట, పదహారేళ్లు కూర్చున్నాడు. 1860లో మళ్లీ పెద్దను చేశారు. 1864లో జ్ఞాపకశక్తి తగ్గిపోతోందని తానే విడిచిపెట్టాడు. తప్పించిన సంఘం పక్షాన నిలబడి ఆలోచించడం పాస్టర్లమైన మాకు అలవాటు. ఆ పదహారేళ్లూ బల్లమీద కూర్చున్న మనిషి పక్షాన మేము ఎన్నడూ ఆలోచించలేదు.

సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నాడు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో, విక్టోరియా రాణి ఇచ్చిన ఇంట్లో, కుర్చీలో కూర్చునే కన్నుమూశాడు. హైగేట్ శ్మశానంలోని రాతిమీద పేరూ, పుట్టిన, పోయిన తేదీలూ తప్ప ఆయన గురించి మరేమీ లేవు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక మా గిటారు పని ముగింపుకొచ్చింది. పికప్ వైరు ఒకటి స్విచ్‌కు, రెండోది వాల్యూమ్ తిప్పే పరికరం వీపుకు సోల్డరింగ్ చేశాడు. ఊదకుండా సీసం దానంతటదే చల్లారేదాకా చేయి కదపలేదు. యాంప్లిఫయర్‌కు తగిలించి స్క్రూడ్రైవర్‌తో అయస్కాంతాన్ని తడితే టక్‌మంది. రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే మాత్రం శబ్దం పీలగా వచ్చింది. కొత్తదాని వైర్లు తారుమారైనట్టున్నాయని, రెండూ మార్చి అతికాడు. ఈసారి నిండుగా పలికింది. వచ్చిన ఆదివారం దాన్ని వేరొకరు వాయించారు. బాగుచేసినవాడు వెనుక వరుసలో కూర్చుని పాడుతున్నాడు.

వచ్చే గురువారం సంఘ పెద్దల కూడిక ఉంది. ఆ అబ్బాయి విషయం చర్చకు పెట్టమని ఈసారి మేమే అడిగాం.